సగం చేరిన కబురు

మాంత్రికుడు భస్మజిహ్వుడి రాబందులు నెత్తిమీద గిరికీలు కొడుతున్నంతసేపూ ఆ ఇద్దరు మూలికల వర్తకులు రాతి చరియ కింద గుర్రాలతో సహా నక్కి ఉన్నారు. వర్తకులన్నది వేషమే. వాళ్ళ మూటల్లో పైన కాసిని ఎండు వేళ్ళు, అడుగున కత్తులు. పొట్టకు గుడ్డలు చుట్టి శెట్టిగారి బొజ్జ పెట్టుకున్న యువకుడు కనకవల్లి యువరాజు మణికేతుడు. గుర్రం సకిలించకుండా దాని మూతికి తన తలపాగా బిగించి పట్టుకున్న భారీ మనిషి భీమపాలుడు. ఆస్థాన మల్లుడు, యువరాజుకు చిన్ననాటి స్నేహితుడు.

ఇంత జాగ్రత్తపడ్డా లాభం లేకపోయింది. ఒక రాబందు ఉన్నట్టుండి కిందికి వాలింది. రెక్క విప్పితే పూరింటి కప్పంత, ముక్కు గొడ్డలంత ఉంది. చరియలోకి మెడ దూర్చి భీమపాలుడి గుర్రాన్ని జీనుతో సహా కరుచుకుని లేచింది. భీమపాలుడు ఊరుకుంటాడా? ఎగిరి దాని కాలు పట్టుకున్నాడు. రాబందు, గుర్రం, మల్లుడు కలిసి తాటిచెట్టంత ఎత్తు లేచారు. వదిలెయ్యమని యువరాజు గొంతు చించుకుంటే గాని ఆ మహానుభావుడు వదల్లేదు. ముళ్ళపొదలో పడి, లేచి దులుపుకుని, గుర్రం పోతే పోయిందిగాని జీనుకు కట్టిన అటుకుల మూట పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఏడవడానికి వ్యవధి లేదు. మిగతా రాబందులు వాసన పట్టాయి. ఇద్దరూ ఒక్క గుర్రం మీదే ఎక్కి లోయలోకి దూకించారు. ముందు జలపాతం, వెనక రెక్కల చప్పుడు. నీటి తెరను చీల్చుకుని లోపలికి దూసుకుపోతే అదృష్టం కొద్దీ దాని వెనక రాతి సొరంగం ఉంది. చీకట్లో తడుముకుంటూ, తలలు బొప్పి కట్టించుకుంటూ అవతలి కొసన వెలుతురులోకి వచ్చేసరికి ఇద్దరూ నిలబడిపోయారు.

ఎదురుగా నాగపడగ కొండ. నీలమణులు కరిగించి పోతపోసినట్టున్న ఆ మహాశిల ఆకాశం దాకా లేచి, పైన పడగలా ముందుకు వంగి ఉంది. దాని భుజాల నిండా పేరు తెలియని ఎర్రపూల తీగలు, కంఠాన సన్నని సెలయేళ్ళు, శిరసున పొగమంచు. పడగ కింది వంపులో, మనిషన్నవాడికి అడుగు ఆనించే చోటే లేనిచోట, బారెడేసి నల్ల తేనెపట్లు వేలాడుతున్నాయి. ఈగల రొద దూరాన సముద్రం హోరెత్తినట్టు వినిపిస్తోంది. ఆ పట్ల దిగువన ఒక గుహ నోరు తెరుచుకుని ఉంది. అది భస్మజిహ్వుడి పాతాళకోటకు దొంగదారి అని చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎవరూ దాని పేరెత్తరు.

మణికేతుడికి కావలసింది ఆ నల్లతేనె. అతని తండ్రి విజయపాల మహారాజు భస్మజిహ్వుడి శాపానికి గురై పాదాల నుంచి పైకి రాయి అయిపోతున్నాడు. యువరాజు బయలుదేరేనాటికి రాయి నడుము దాటింది. గొంతుకు చేరిందంటే ఇక ఏ మందూ పనిచెయ్యదు. నాగపడగ నల్లతేనె పూస్తే రాయి కరిగి ఒళ్ళవుతుందని రాజగురువు చెప్పాడు. అందుకే యువరాజుకు ఎక్కడా కాలు నిలవడం లేదు.

కొండ వెనక వాలులో తేనె కొట్టేవాళ్ళ గూడెం ఉంది. మోకు కట్టుకుని కొండ దిగడంలో ఈదన్న అంతటివాడు ఆ చుట్టుపట్ల లేడు. నడివయసువాడు, నవ్వుమొహం, నలుగురిలో గొప్పలు చెప్పుకోవడమంటే కాస్త సరదా. అతని మోకు పట్టేవాడు బయ్యన్న. ఈదన్న భార్య ముత్తికి సొంత తమ్ముడు. ఎద్దు మెడలాంటి మెడ, పొడిమాటల మనిషి.

ఆ గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. కొండ దిగేవాడి మోకును భార్య తమ్ముడే పట్టాలి. అన్నదమ్ములు పనికిరారు, వాళ్ళ మధ్య పంపకాల పేచీలుంటాయి. స్నేహితులూ పనికిరారు. భార్య తమ్ముడైతే మోకు వదిలితే తాళి తెగేది తన అక్కకే, కాబట్టి ప్రాణం పోయినా వదలడు. మోకు పట్టేవాడు అంచుకు బాగా వెనగ్గా, ఇప్పచెట్టు మొదట్లో కాళ్ళు తన్నిపెట్టి కూర్చుంటాడు. దిగినవాడు అతనికి కనపడడు. ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకుంటూ పని చేస్తారు. ఆ పిలుపులో వణుకుందా, తొందరుందా, ధీమా ఉందా అన్నదాన్ని బట్టే పైవాడి చేతులు మోకును బిగించడమో వదలడమో చేస్తాయి.

అలాంటి ఇద్దరి మధ్య ఇప్పుడు మాటల్లేవు. ఆ సంగతి చెప్పింది ముత్తి. మూలికల శెట్టిగారికి అంబలి పోస్తూ, దాచకుండా చెప్పేసింది. పైకి వచ్చినవాడు మొదటి తేనెముక్క మోకు పట్టినవాడి నోట్లో పెట్టాలి. తరతరాలుగా అదే మర్యాద. పోయిన వేసంగిలో పొరుగుసీమ దొర ఒకడు వేటకొచ్చి, కొండ దిగడం చూస్తానని కూర్చున్నాడు. ఈదన్న పైకి రాగానే ఆ మొదటి ముక్క దొర చేతిలో పెట్టాడు. పెట్టి, తాను ఎలా దిగిందీ ఎలా కోసిందీ చేతులు తిప్పుతూ వర్ణించాడు. దొర మెచ్చుకుని భుజం తట్టాడు. వెనక ఇప్పచెట్టు దగ్గర అరచేతులు ఒరుసుకుపోయి నెత్తురోడుతున్న బయ్యన్న వైపు ఎవరూ చూడలేదు, ఈదన్న కూడా.

ఆ రోజు నుంచి బావా బావమరుదులు ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. పక్కపక్కనే గుడిసెలు. కబుర్లన్నీ ముత్తి మీదుగానే నడుస్తున్నాయి. ఆయనకి సెప్పక్కా అని ఒకడు, వాడికి సెప్పవే అని ఇంకొకడు. చిన్న చిన్న కొండలు అలాగే దిగారు. నాగపడగ మాత్రం మాటల్లేకుండా దిగే కొండ కాదు.

"ఈ అమాస పండగ దాకా ఆగు సెట్టీ," అంది ముత్తి. "పండగనాడు ఒక్క ఆకులో కూడు తినిపిత్తా ఇద్దరికీ. ఆయనకి తప్పు సేశానని తెలుసు. సెప్పడానికి నోరు రావట్లా. ఈడు ఎదురు సూత్తన్నాడు. మజ్జలో తొందర పెట్టమాక."

మణికేతుడు ఆ మాట చెవిన పెట్టలేదు. అమావాస్య నాటికి తండ్రి గొంతు దాకా రాయి వస్తుంది. మోకు తాను పడతానని భీమపాలుడు జబ్బలు చరిచాడుగాని, గూడెంవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. అప్పుడు యువరాజే ఉపాయం చెప్పాడు. కొండ అంచున తాను నిలబడతాడట. కిందివాడి మాట పైకి, పైవాడి మాట కిందికి తానే చేరవేస్తాడట. పని కావడానికి కబురు ముఖ్యంగాని, గొంతు ఎవరిదైతేనేమన్నాడు.

పాపం, అది అతను రాచనగరులో నేర్చిన విద్య. అక్కడ మంత్రికీ సేనాపతికీ పడదు. ఇద్దరి మధ్యా వార్తలు నౌకర్లు మోస్తారు, రాజ్యం నడుస్తూనే ఉంటుంది. ఎంత చక్కగా నడిచిందంటే, ఉత్తర బురుజు మీద కాపలా ఎవరు పెట్టాలో తేలక ఎవరూ పెట్టలేదు. భస్మజిహ్వుడు ఆ బురుజు మీదనుంచే లోపలికి వచ్చాడు. తండ్రి రాయి అవుతున్నది దేనివల్లో తెలిసి కూడా కొడుకు అదే పద్ధతి కొండ మీదికి మోసుకొచ్చాడు.

ఎండ నడినెత్తికి రాకముందే దిగుడు మొదలైంది. ఈదన్న నడుముకు మోకు బిగించి, వీపున బుట్ట, చేతిలో పొగబెట్టే పచ్చాకుల కట్ట, మొలలో కొడవలితో అంచు దాటాడు. దాటేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. బయ్యన్న చెట్టు మొదట్లో తలొంచుకుని మోకు సరిచూసుకుంటున్నాడు. ముత్తి ఇద్దరినీ చూసి పెదవి కొరుక్కుంది.

మొదట్లో పని సాఫీగానే సాగింది. బారెడు వదలమను అని కిందినుంచి, వదిలానని సెప్పు అని పైనుంచి. మణికేతుడు అంచు మీద బోర్లా పడుకుని అటూ ఇటూ కేకలు మోస్తూ తనలో తాను మురిసిపోయాడు. భీమపాలుడు మాత్రం తేనెబుట్ట ఎప్పుడు పైకొస్తుందా, ఒక ముక్క ఎప్పుడు దొరుకుతుందా అని గుటకలు మింగుతున్నాడు. పొగకు ఈగలు మబ్బులా లేచి పక్కకు తొలిగాయి. కొడవలి ఆడింది. నల్లటి తేనె ధార కట్టింది. బుట్ట నిండింది.

పని కడతేరిన ధీమావల్లనో, గాలిలో ఒంటరిగా వేలాడే మనిషికి మనసు మెత్తబడడంవల్లనో, ఈదన్న తల పైకెత్తి నెమ్మదిగా పిలిచాడు.

"సెట్టీ, మోకు ఎడం పక్క రాయికి ఒరుసుకుంటంది. రవ్వంత కుడికి జరపమను. ఇంకో మాట కూడా సెప్పు వాడికి. ఆ దొర వచ్చిననాడు తప్పు నాదే. పెద్దోణ్ణి సూసి ఒళ్ళు మరిసినా. ఇయ్యాల పైకి రాంగానే ముక్క వాడి నోట్లో పెడతానని సెప్పు. అందరి ముందర పెడతానని సెప్పు."

మణికేతుడు తల తిప్పి, మోకు కుడికి జరపమంటున్నాడని కేకేశాడు. అంతే.

అబద్ధం చెప్పాలని కాదు. ఎవరినీ బాధపెట్టాలనీ కాదు. పని మాట ముందు, ఇంటి మాటలు ఇంటి దగ్గర అనుకున్నాడు. మోకు రాయికి ఒరుసుకుంటుంటే బావమరిది అలకలు తీర్చడమేమిటనుకున్నాడు. పైకి వచ్చాక వాళ్ళే చెప్పుకుంటారులే అనుకున్నాడు. ఆ తరవాత ఎన్నో యుద్ధాలు గెలిచి, ఎన్నో ఊళ్ళ హారతులు అందుకున్న మణికేతుడు ఆ ఒక్క కేక తలుచుకుని చాలా ఏళ్ళు కుమిలిపోయాడు.

బయ్యన్న సరేనన్నాడు. మోకు జరిగింది.

"ఏమన్నాడు?" అన్నాడు ఈదన్న కిందినుంచి.

"సరే అన్నాడు."

"అంతేనా?"

"అంతే."

ఈదన్న మొహంలో నవ్వు ఆరిపోయింది. అట్నే కానీ అని గొణుక్కుని బుట్ట తాడు బిగించుకున్నాడు. తప్పు ఒప్పుకున్న మనిషికి అవతలినుంచి ఒక్క పొడిమాట వస్తే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. అక్కడ చెట్టు మొదట్లో బయ్యన్నకేమో తప్పు ఒప్పుకున్న సంగతే చేరలేదు. ఇద్దరి మధ్యా పడుకున్న యువరాజు మాత్రం, సూర్యుడింకా వాలలేదు, సాయంకాలానికి గుర్రమెక్కవచ్చునని లెక్కలు వేసుకుంటున్నాడు.

అప్పుడే సూర్యుడికి అడ్డంగా నీడ పడింది. గుర్రాన్ని ఎత్తుకుపోయిన రాబందు కొండ చుట్టూ తిరిగొచ్చింది. ముక్కుకు గుర్రం నెత్తురు ఎండి అంటుకుని ఉంది. అది రెక్కలు ముడిచి సూటిగా ఈదన్న మీదికి దిగుతోంది.

ఈదన్న కొండల మీద పుట్టినవాడు. కంగారుపడలేదు. తనకు ఎడంగా, కాస్త దిగువన మనిషి దూరేంత రాతి పగులుంది. మోకు ఒక్కసారిగా రెండు బారలు వదిలితే ఊగి అందులో పడొచ్చు. వదలమను, రెండు బారలు, ఇప్పుడే అని అంచు మీది శెట్టికి చెప్పాడు. మణికేతుడు ఆ మాటను ఉన్నదున్నట్టు పైకి అందించాడు.

బయ్యన్న చేతులు కదల్లేదు. పైకి రావలసిన మనిషి కిందికి వదలమంటాడా? బరువుతో వేలాడేవాడికి ఒక్కసారిగా రెండు బారలు వదిలితే కొండకు కొట్టుకుని చావొచ్చు. అలాంటి మాట బావ గొంతులో వింటే తప్ప వదలకూడదని అతని తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు. కొండంటే ఏమిటో తెలియని శెట్టి కంగారుపడి తారుమారు చేశాడేమో.

"నీ మాట మీద వదల్ను సెట్టీ. ఆయన్నే అడగమను. ఆయన గొంతు నేనినాల."

మణికేతుడు కిందికి వంగి, నువ్వే అడగాలంటున్నాడని అరిచాడు. అక్కడ ఈదన్న తటపటాయించాడు. తప్పు నాదే అని చెప్పించాడు, వాడు సరే అని ఊరుకున్నాడు. ఇప్పుడు ప్రాణం మీదికొస్తే తనచేత బతిమాలించుకుంటున్నాడా? రెప్పపాటు. అంతకన్నా ఎక్కువసేపు పట్టలేదు. ఆ వెంటనే రోషం పక్కకు నెట్టి గొంతెత్తాడు.

"బయ్యా, వదల్రా!"

ఆ పిలుపు అంచు దాటి చెట్టును చేరిందో లేదో బయ్యన్న చేతులు విచ్చుకున్నాయి. మోకు సర్రున జారింది. ఎన్నో నెలల తరవాత బావ తన పేరు పెట్టి పిలిచాడు. ఆలోచించనైనా లేదు, వదిలేశాడు. కాని ఆ రెప్పపాటు ఆలస్యం చాలింది, రాబందు ముక్కు మోకు మీద పడి తెంచేసింది. బయ్యన్న చేతిలో బరువు పోయింది. వెల్లకిలా పడి, మళ్ళీ లేచి, పిచ్చివాడిలా మోకు లాగాడు. తేలిగ్గా వచ్చేసింది. కొసన నార పీచులు తప్ప ఏమీ లేవు.

అంచు నుంచి మణికేతుడు అంతా చూశాడు. పడుతున్న ఈదన్నను రాబందు గాలిలోనే గోళ్ళతో ఒడిసి పట్టింది. బుట్టతో సహా పట్టుకుని కొండ దిగువ గుహలోకి, పాతాళకోట దారిలోకి దూరిపోయింది. తండ్రి ప్రాణం నిలబెట్టే తేనె కూడా ఆ బుట్టతోనే పోయింది.

ముత్తి గబగబా వచ్చి అంచున కూర్చుని గుహ వైపు చూస్తూ ఉండిపోయింది. భీమపాలుడు తలపాగా తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

బయ్యన్న తెగిన కొస పట్టుకుని యువరాజు దగ్గరికి వచ్చాడు.

"పేరెట్టి పిలిసాడు," అన్నాడు. "మొదటే పిలిసుంటే వదిలేవోణ్ణి. ఎందుకు పిలవలేదు సెట్టీ? ఇంకా కోపమేనా నా మీద? నీకేమన్నా సెప్పాడా?"

ఏమీ చెప్పలేదంటే అక్కడితో పోయేది. ఆ మాట విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. కాని ఆ మనిషి మొహం చూస్తూ మణికేతుడు అబద్ధం ఆడలేకపోయాడు. తాను శెట్టిని కాననీ, కనకవల్లి యువరాజుననీ, తండ్రి రాయి అవుతున్నాడనీ ముందు చెప్పాడు. తరవాత ఈదన్న చెప్పమన్న మాట మొత్తం చెప్పాడు. దొర సంగతి, తప్పు తనదేనన్న సంగతి, అందరి ముందు పెడతానన్న ముక్క సంగతి. అందులో సగం మాటే తాను అందించానని కూడా చెప్పాడు. చెబుతుంటే కళ్ళు మసకబారాయి. తుడుచుకోవడానికి సిగ్గేసింది.

బయ్యన్న చేతిలోని తెగిన కొస వైపు చూశాడు.

"నేను సరే అన్నది మోకు జరిపేదానికి," అన్నాడు. "ఆయన దేనికనుకున్నాడు?"



జవాబు కోసం ఆగకుండా బయ్యన్న గుడిసెలోకి వెళ్ళి రెండో మోకు భుజాన వేసుకొచ్చాడు. గుహలోకి దిగుతానన్నాడు. రాబందులు తెచ్చినదాన్ని వెంటనే చంపవనీ, యజమానికి చూపించేదాకా ఉంచుతాయనీ గూడెంలో అనుకుంటారు. ఆ కాస్త ఆశ చాలన్నాడు. మణికేతుడు ముందుకొచ్చి చేతులు చాచాడు. మోకు తాను పట్టుకుంటానన్నాడు, చేతులు తెగిపడినా వదలనన్నాడు. తాను చేసినదానికి ఆ మాత్రమైనా చెయ్యనిమ్మని బతిమాలాడు. పుట్టాక ఎవరినీ బతిమాలి ఎరగడు.

"నీ చేతుల్లో బలముంది దొరా," అన్నాడు బయ్యన్న. కోపంగా కూడా అనలేదు. "కిందినుంచి నేనేమన్నా సెప్తే నీకు పనికొచ్చిందే ఇంటావు. చెట్టుకి కట్టుకుంటా."

ఇప్పచెట్టు మొదలుకు మోకు చుట్టి ముడివేసి, లాగి చూసుకుని, అంచు దగ్గరికి నడిచాడు. అక్కడ ముత్తి అతని తల మీద చెయ్యి పెట్టింది. తరవాత మణికేతుడి వైపు తిరిగి, అంచు దగ్గరనుంచి తప్పుకోమంది. పిలిస్తే తానే వింటానంది. మణికేతుడు పక్కకు తప్పుకున్నాడు. బయ్యన్న తల అంచు కింద కనుమరుగైంది.

అప్పుడు భీమపాలుడు మణికేతుడి భుజం పట్టి ఊపాడు. సొరంగం వైపునుంచి పొగలాంటి బూడిద లేస్తోంది. ఆ బూడిదలోంచి భస్మజిహ్వుడి ఎముకల సైనికులు వాలు ఎక్కి వస్తున్నారు. చేతుల్లో గొడ్డళ్ళు. ముందు నడిచేవాడు ఇప్పచెట్టును, దానికి చుట్టి ఉన్న మోకును చూసి వేలు పెట్టి చూపించాడు. భీమపాలుడు మూటలు విప్పి ఎండు వేళ్ళు విసిరిపారేసి కత్తులు తీశాడు.

మణికేతుడు శెట్టి బొజ్జ గుడ్డలు ఊడదీసి అవతల పడేశాడు. వెనక మోకు బరువుకు బిగుసుకుని కిర్రుమంటోంది. దాన్ని ముట్టుకునే హక్కు అతనికి లేదు. నరకడానికి వచ్చేవాళ్ళను ఆపే పని ఒక్కటే మిగిలింది. అతను చెట్టుకు వీపు ఆనించి నిలబడి, పైకి లేచిన మొదటి గొడ్డలికి కత్తి అడ్డం పెట్టాడు.